పడితే లేచే నేల

ఆ కాలేజీలో బూట్లేసుకుని ఎక్కడికైనా వెళ్ళొచ్చు. లైబ్రరీలోకి వెళ్ళొచ్చు, ప్రిన్సిపాల్ గదిలో తివాచీ మీదికి వెళ్ళొచ్చు, పరీక్ష హాల్లో ఆడపిల్లల గుండెలదిరేలా టకటకలాడించుకుంటూ తిరగొచ్చు. ఒక్క ఇసక కోర్టులోకి మాత్రం కుదరదు. కుదరదని అక్కడ బోర్డేమీ లేదు. బోర్డు బదులు ఇసకత్త ఉంది.

జీతాల రిజిస్టరులో ఆమెకి వేరే పేరుంది. ఆ పేరు పక్కన ‘స్వీపర్’ అని ఉంది. ఇసకత్త అని పేరు పెట్టింది బీచ్ వాలీబాల్ ఆడే పిల్లలు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బక్కపలచన. ఎడమకాలు కాస్త ఈడుస్తుంది గానీ నోటికి మాత్రం ఏ కుంటూ లేదు.

సముద్రం అక్కడికి బస్సులో అయిదు గంటల దూరం. సముద్రం లేని ఊళ్ళో బీచ్ వాలీబాల్ ఏమిటమ్మా, రేపు ఓడ కూడా తెప్పిస్తారా అని నవ్వినవాళ్ళు నవ్వారు. హాస్టల్ వెనక గుంట తవ్వి, అడుగున కంకర పరిచి, పైన ఇసక పోశారు. ఆ తర్వాత కాలేజీవాళ్ళు ఆ సంగతి హాయిగా మర్చిపోయారు. పదకొండేళ్ళుగా ఆ జట్టుకి ఉన్న ఆస్తి ఇదీ: బంతులు ఏడు, అందులో రెండు మధ్యాహ్నానికల్లా నీరసపడేవి. నెట్టు ఒకటి, దానికి నేతకంటే కుట్లెక్కువ. కోర్టు చుట్టూ గీతలుగా పరిచే పట్టీలు ఇసకత్త కూతురు పాత టార్పాలిన్ కత్తిరించి కుట్టినవి. ఆ పిల్ల టైలరింగ్ షాపులో పనిచేస్తుంది, కుట్టు ఒక్కచోట వంకర పోలేదు. ఎండలో ఇసక కాలితే తడపడానికి హాస్టల్ వంటగది గొట్టం, అదీ గిన్నెలు తోమడం అయిపోయాక. ఆఫీసు వరండాలో వ్యాయామం మిషను ఒకటి కొత్తపెళ్ళికూతురిలా ప్లాస్టిక్ కవరు కప్పుకుని నాలుగేళ్ళుగా కూర్చుని ఉంది. అది వచ్చినవాళ్ళకి చూపించడానికి.

ఇసకత్త తెల్లవారేసరికి కోర్టు దగ్గర ఉంటుంది. టార్పాలిన్ తీస్తుంది, రోజుకో మూల చొప్పున ఇసక జల్లెడ పడుతుంది, దంతె పెట్టి పళ్ళు పళ్ళుగా దువ్వి చదును చేస్తుంది. జల్లెడలో మిగిలినవన్నీ ఒక డబ్బాలో వేస్తుంది: జడపిన్నులు, సీసా మూతలు, ఎప్పుడైనా ఒక గాజుపెంకు. ఇక పిల్లుల సంగతి సరేసరి. ఆ వీధిలోని పిల్లులన్నీ ఆ కోర్టు తమ కోసమే కట్టించారని నమ్ముతాయి. వాటికీ ఆమెకీ పదకొండేళ్ళుగా యుద్ధం. ఇంతవరకూ ఎవరూ గెలవలేదు.

ఇసకతో ఆమె పరిచయం కాలేజీకంటే పాతది. మొగుడు తాపీమేస్త్రీ. ఆయన పైన గోడ కడితే ఈమె కింద ఇసక జల్లించేది. అలా ఇరవయ్యేళ్ళు. ‘పిడికిట్లో పట్టి నలుపు. కరకరలాడితే గోడకి పనికొస్తుంది, వేళ్ళ సందుల్లోంచి జారిపోతే పారెయ్’ అని నేర్పాడాయన. ఆయన పోయాడు గానీ ఆ పాఠం చేతుల్లో ఉండిపోయింది.

ముప్ఫై ఎనిమిదో ఏట ఆమె రెండో అంతస్తు పరంజా మీద నుంచి పడింది. కింద కంకర. తుంటి విరిగి ఎనిమిది నెలలు మంచం మీద ఉంది. లేచాక, ఆ భవనం ఎలా వచ్చిందో చూద్దామని కుంటుకుంటూ వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ ‘ఎవరు కావాలి?’ అన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె పొడినేల మీద కూడా సబ్బునీళ్ళ మీద నడిచినట్టే నడుస్తుంది. పడటమంటే ఆమె లెక్కలో ఇక లేవకపోవడమే.

అందుకే కాలేజీలో పనికి చేరిన కొత్తలో, బంతి కోసం ఒక పిల్ల బోర్లా గాల్లోకి దూకడం చూసి గట్టిగా కళ్ళు మూసుకుంది. ఎముక విరిగిన చప్పుడు వినబడుతుందనుకుంది. వినబడింది నవ్వు. కళ్ళు తెరిస్తే ఆ పిల్ల నోట్లోని ఇసక ఉమ్మేస్తూ లేచి నిలబడి ఉంది. పడి నవ్వుకునే నేల ఒకటి ఉంటుందని ఇసకత్తకి నలభై ఏడేళ్ళొచ్చాకగానీ తెలియలేదు. వంగి గుప్పెడు తీసి నలిపి చూసింది. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. గోడకి పనికిరాదని మొగుడు పారెయ్యమన్న రకం. మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే జల్లెడ పట్టింది.

ఇప్పుడు జట్టులో ఆరుగురు. కెప్టెన్ని అందరూ నిచ్చెన అంటారు, ట్యూబ్‌లైటు మార్చాలంటే స్టూలు అక్కర్లేని పొడుగు. కాలేజీకి రాకముందు బిస్కెట్ల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు మడిచేది. ఆట కోటాలో హాస్టల్ సీటు వచ్చింది కాబట్టి చదువుతోంది. మిగతా అయిదుగురిదీ ఇంచుమించు అదే కథ. ఈ ఏడాది వాలీబాల్ అసోసియేషన్ వాళ్ళు కొత్త నిబంధన పెట్టారు. ప్రతి కాలేజీ కోర్టునీ కొలుస్తారు. ఇసక లోతు నలభై సెంటీమీటర్లు ఉండాలి. లేకపోతే జట్టు జాబితాలోంచి పోతుంది. జట్టు పోతే కోటా పోతుంది, కోటా పోతే ఆరు సీట్లూ పోతాయి. నిచ్చెన మళ్ళీ అట్టపెట్టెల దగ్గరికే. కొలిచేది బుధవారం.

సోమవారం పొద్దున, పదిరోజుల సెలవుల తర్వాత ఇసకత్త టార్పాలిన్ ఎత్తింది. పైకి అంతా బాగానే ఉంది. కానీ దువ్వెన గీతలు ఆమెవి కావు. తన తల తాను దువ్వుకున్నదీ వేరేవాళ్ళు దువ్విందీ తెలియదా మనిషికి? వెనక మూలకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఇసకలోకి చెయ్యి దించింది. ఆమె కొలబద్ద అదే. మోచేతి దాకా దిగితే లోతు సరిపోయినట్టు. చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. వేళ్ళకి కంకర తగిలింది.

ఆమె అరవలేదు. లేచి, చీర దులుపుకుని, ట్రాక్టరు చక్రాల జాడ పట్టుకుని నడిచింది. ఆ జాడ తిన్నగా కొత్తగా కడుతున్న సెమినార్ హాలు దగ్గరికి తీసుకెళ్ళింది. హాలు వెనక, రేకు కింద, ఆమె ఇసక కుప్పగా ఉంది. దాని మీద ఒక పిల్లి పడుకుని ఉంది. ఆ దొంగముఖానికి ఇసక ఎక్కడికెళ్ళిందో పదిరోజుల ముందే తెలుసన్నమాట.

అక్కడ పని చూసే ఇంజనీరుని అందరూ బూట్ల సారు అంటారు. ఆయన నడిచొస్తుంటే మనిషికంటే ముందు బూట్లు వస్తాయి.

“ఏమ్మా, పొద్దున్నే ఏంటి?” అన్నాడాయన.

“నా ఇసక సారూ.”

“ఓ, అదా. మాకు లోడు రావడం లేటయింది. అక్కడ ఊరికే పడుంది కదాని రెండు ట్రాక్టర్లు తెప్పించా. దానికింత గోలెందుకు?”

“ఊరికే పడుండటమే సారూ దాని పని. మంచం కూడా ఊరికే పడుంటుంది, అలాగని పొయ్యిలో పెడతామా?”

చుట్టూ తట్టలు మోస్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బూట్ల సారుకి అది నచ్చలేదు.

“రేపు రెండు ట్రాక్టర్ల రాతిపొడి తోలిస్తా, నీ గుంట నిండుతుంది. ఇసకైనా పొడైనా పిల్లలు గెంతడానికి ఒకటే!”

“ఒకటేనా? రాతిపొడి మీద పడితే మోకాలి చిప్పలు చెక్కుకుపోతాయి. ఒకటే అయితే ఆ పొడే మీ గోడకి కొట్టకపోయారా?”

అంటూనే ఆమె గోడవైపు తిరిగింది. శనివారం ప్లాస్టరింగ్ చేసిన పొడుగాటి గోడ, చూడ్డానికి నున్నగా, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టుంది. ఇరవయ్యేళ్ళు చేసిన పని చేతుల్ని ఊరుకోనివ్వదు కదా. బొడ్లోంచి ఇంటి తాళంచెవి తీసి గోడకి ఆనించి ఒక్క గీత గీసింది. గోడ బరబరా రాలింది. బొటనవేలితో నొక్కితే గుంట పడింది. పక్కనే ఉన్న ముసలి మేస్త్రీ తల దించుకున్నాడు.

“చెప్పానమ్మా,” అన్నాడు మెల్లగా. “ఇది గుండ్రాటి ఇసక, జారిపోతోంది, సిమెంటుని పట్టుకోదని చెప్పా. ఇంత తెల్లగా, శుభ్రంగా ఉంది, ఇంతకంటే మంచి ఇసక ఎక్కడుంటుందన్నారు సారు.”

తెల్లనివన్నీ పాలనుకునే రకం. ఇంత చదువూ చదివి, ఊళ్ళో ఉన్న ఇసకంతా వదిలేసి, గోడకి పనికిరాని ఒకే ఒక్క ఇసకని ఏరి కోరి తెచ్చి గోడకి కొట్టాడు. పిల్లల కాళ్ళ కిందది తీసి గోడ పాడు చేశాడు, గోడకి పోసి కోర్టు పాడు చేశాడు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు.

ఇసకత్త ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ మంచావిడే. తన మంచితనమంతా కమిటీలకి అప్పజెప్పేసింది, అదీ తిరకాసు.

“వనరుల కమిటీ శుక్రవారం కూర్చుంటుందమ్మా. అందులో పెడదాం,” అంది.

“కొలిచేది బుధవారం మేడమ్.”

“మరి రూల్ ప్రకారం...”

“తీసుకెళ్ళేటప్పుడు ఏ కమిటీ కూర్చుంది మేడమ్?”

ఆవిడ ఫైలు తెరిచింది. ఫైలు తెరిచారంటే ఇక వెళ్ళమని. ఇసకత్త బయటికొచ్చింది. ఒళ్ళంతా మండుతోంది. ఇరవయ్యేళ్ళు ఊరందరి గోడలకీ ఇసక జల్లించింది, ఏ గోడా ఆమెని లోపలికి రానివ్వలేదు. పదకొండేళ్ళుగా ఇంత నేల తనదనుకుంటే, దాన్నీ గోడే వచ్చి మింగేసింది. పోనీలే అనుకోవడం ఆమెకి రాక కాదు. బోలెడుసార్లు అనుకుంది. ఈసారి అనుకోదలచుకోలేదు.

మంగళవారం పట్టపగలు, పది గంటలకి, అందరూ చూస్తుండగా, ఇసకత్త తట్ట నెత్తిన పెట్టుకుని సెమినార్ హాలు దగ్గరికి వెళ్ళింది. వెనక ఆరుగురు ఆడపిల్లలు, బకెట్లతో. వాళ్ళ వెనక కోచ్ మేడమ్. ఆవిడ మూడేళ్ళుగా ఇసక గురించీ బంతుల గురించీ కాలేజీకి ఉత్తరాలు రాస్తూనే ఉంది. “రాసి రాసి చేతులు పడిపోయాయి, నాకూ ఒక తట్టివ్వండి,” అంది ప్యాంటు పైకి మడుచుకుంటూ.

బూట్ల సారు పరిగెత్తుకొచ్చాడు. “ఏయ్, ఏంటిది? ఇది దొంగతనం తెలుసా?”

“మా బిందె మీ ఇంట్లో ఉంటే మేం వచ్చి తెచ్చుకుంటున్నాం సారూ. దొంగతనమైతే పోలీసుల్ని పిలవండి. ముందు బిందె మీ ఇంటికి ఎలా వచ్చిందో వాళ్ళే అడుగుతారు.”

ఆయన ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ మీటింగులో ఉంది. ఆవిడ మీటింగులో ఉండటం వల్ల ఒకరికి మేలు జరగడం ఆ కాలేజీ చరిత్రలో అదే మొదటిసారి.

పదిహేను తట్టలు వెళ్ళాక, గోడ దగ్గర పనిచేస్తున్న ఆడకూలీల్లో ఒకామె వచ్చి, నిచ్చెన చేతిలోని బకెట్టు తీసి పక్కన పెట్టింది. “అలా మోస్తే నడుం విరుగుతుంది తల్లీ. తలకి చుట్ట పెట్టుకో,” అని తన తలగుడ్డ ఇచ్చింది. తర్వాత తనే ఒక తట్ట ఎత్తుకుంది. ఆమె వెనక ఇంకో ముగ్గురు. ముసలి మేస్త్రీ బూట్ల సారుకి వినబడేలా “గోడ ఎలాగూ కొట్టేసి మళ్ళీ చెయ్యాలిగా సార్, ఇవాళ వీళ్ళకి పనేముంది?” అని బీడీ వెలిగించాడు.

సాయంత్రానికి కుప్ప ఖాళీ. గోడకి పోయింది పోగా మిగిలిందంతా కోర్టులో ఉంది. దాన్ని దంతెతో సర్దుతుంటే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రేపటి నుంచి ఆమె కోర్టు దగ్గరికి వెళ్ళకూడదు, సెమినార్ హాలు ఊడవాలి. ఇసకత్త కూడబలుక్కుని చదివింది. నాలుగు మడతలు పెట్టింది. నెట్టు స్తంభం చాలా రోజులుగా కటకటమంటోంది, దాని సందులో ఆ కాగితం దూర్చింది. కటకట ఆగిపోయింది.

ఇంటికెళితే కూతురికి అప్పటికే కబురు అందింది.

“రిటైరవడానికి రెండేళ్ళుంది. తాడు తెగేదాకా లాగుతావేంటమ్మా? వాళ్ళు పెద్దోళ్ళు.”

“పెద్దోళ్ళే. ఎవరు కాదన్నారు?”

“ఉద్యోగం పీకేస్తే?”

“జల్లెడ పట్టుకోవడం వచ్చినదాన్ని, నాకేంటే. ఆ పిల్ల మళ్ళీ అట్టపెట్టెలు మడవాలా?”

కూతురు కుట్టుమిషను కింద నుంచి ఒక చుట్ట తీసి తల్లి ఒళ్ళో పడేసింది. టార్పాలిన్ పట్టీలు, కొత్తవి, నీలం రంగువి. “పాతవి చినిగిపోయుంటాయి. కొలిచేవాళ్ళొచ్చినప్పుడు నా కుట్టు నలుగురిలో నవ్వులపాలు కాకూడదు,” అని లోపలికి వెళ్ళిపోయింది.

కొలిచేవాళ్ళంటే ఎంతమందో అనుకున్నారు గానీ వచ్చింది ఒక్కడే. సన్నటి పెద్దాయన, చేతిలో గీతలు పెట్టిన ఉక్కు చువ్వ. బుధవారం పది గంటలకన్నారు, ఎనిమిదింటికే వచ్చాడు. కోర్టు అంచున ఆగి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి బూట్లలో పెట్టి, ఉత్తికాళ్ళతో లోపలికి అడుగుపెట్టాడు. ఇసకత్తకి ఆయన అక్కడే నచ్చేశాడు. ఆయనకి మాత్రం ఎవరూ నచ్చినట్టు లేరు. నవ్వడు, మాట్లాడడు. చువ్వ దించుతాడు, చూస్తాడు, రాసుకుంటాడు. నలభై ఒకటి. నలభై. నలభై రెండు. ప్రిన్సిపాల్ వచ్చింది, వెనకే బూట్ల సారు వచ్చాడు. అంచున నిలబడ్డారు.

తొమ్మిది చోట్ల సరిపోయింది. పదోది వెనక మూల. ట్రాక్టరు అక్కడ తిరిగినప్పుడు అడుగున కంకర గుట్టలా లేచింది, పైనుంచి చూస్తే తెలియదు. చువ్వ దించాడు. ముప్ఫై ఏడు.

ఆయన ఇంకోసారి దించాడు. ముప్ఫై ఏడే.

నిచ్చెన ముఖం పాలిపోయింది. బూట్ల సారుకి ప్రాణం లేచొచ్చింది. “నేను ముందే చెప్పాను మేడమ్, ఈ కోర్టు సేఫ్ కాదు. అలాంటిచోట పడితే ఎముకలు విరుగుతాయి. రేపు ఏదైనా అయితే కాలేజీ మీదికొస్తుంది. మూసేయడమే మంచిది.”

ఇసక తీసుకెళ్ళినవాడే ఇసక చాల్లేదని ఏడుస్తున్నాడు. జన్మలో మొదటిసారి ఇసకత్త నోటికి మాట అందలేదు. అందకపోయేసరికి దంతె పక్కన పడేసింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపింది. ఈడ్చే కాలు ముందుకేసి, మంచికాలితో నేలని తన్ని, అందరూ చూస్తుండగా, ఆ మూలలోకి, బోర్లా, చేతులు చాచి దూకింది.

పెద్ద ఎత్తేం కాదు. పొట్టి గెంతు. కానీ పడటం పూర్తిగా పడింది, ఇరవయ్యేళ్ళుగా పడకుండా దాచుకున్న ఒళ్ళంతా ఒక్కసారి వదిలేసింది. దబ్బుమని చప్పుడైంది. ప్రిన్సిపాల్ అమ్మో అంది. పిల్లలు పరిగెత్తారు.

ఇసకత్త కళ్ళు మూసుకునే ఉంది. తుంటి దగ్గర చప్పుడు కోసం ఎదురుచూసింది. ఏ చప్పుడూ రాలేదు. పొట్ట కింద ఇసక మెల్లగా సర్దుకుంది, చల్లగా ఉంది. ఆమె మోచేతుల మీద లేచింది, మోకాళ్ళ మీద లేచింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నిలబడింది. నోట్లోని ఇసక ఉమ్మేసింది. బూట్ల సారు వైపు తిరిగింది.

“ఎముకలు ఎక్కడ విరుగుతాయో నాకు తెలుసు సారూ. నావి విరిగాయి. మీలాంటి సారు కడుతున్న గోడ పక్కన విరిగాయి. ఇక్కడ కాదు.”

కొలిచే పెద్దాయన చువ్వ తుడుచుకున్నాడు.

“ఆమె దూకినా ముప్ఫై ఏడు ముప్ఫై ఏడే,” అన్నాడు. “రూలు రూలే.”

పిల్లల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

“నాకు పదింటికి కదా రమ్మని రాసింది. ఇంకా గంటన్నర ఉంది. ముందే కొలిచింది లెక్కలోకి రాదు. నేను టీ తాగొస్తా.” అని కింద పడున్న దంతె తీసి ఆమె చేతికిచ్చాడు. “ఆ గీతల బయట అంచుల్లో ఇసక ఎక్కువుందమ్మా. చూశాను.”

గంటన్నర అక్కర్లేకపోయింది. కంకర గుట్టని పిల్లలు చేతులతో తోడి సర్దారు, అంచుల్లోని ఇసకని ఆమె లోపలికి లాగింది. ఇసకత్త మోచెయ్యి పూర్తిగా దిగాకే ఊపిరి పీల్చుకుంది. పది గంటలకి చువ్వ నలభై ఒకటి చూపించింది. ఆయన రాసుకుని, సంతకం పెట్టి, కోర్టు చుట్టూ నీలం పట్టీల కుట్టు వంగి చూసి, “ఇవి బాగున్నాయి,” అన్నాడు. ఆ పెద్దమనిషి నోట అంతకంటే పొగడ్త రాదని అప్పటికి అందరికీ తెలిసింది.

బూట్ల సారుకి ఉక్రోషం ఆగలేదు. “నీకు నిన్న ఆఫీస్ ఆర్డర్ ఇచ్చారు కదా! నువ్వు ఇక్కడెందుకున్నావ్?” అంటూ ఇసకలోకి అడుగేశాడు.

“బూట్లు!” అన్నారు ఆరుగురు పిల్లలూ ఒక్కసారే. కోచ్ మేడమ్ కూడా అంది. ప్రిన్సిపాల్ తన చెప్పుల వైపు చూసుకుని, అంచు నుంచి ఒక అడుగు వెనక్కేసింది. ఆయన కాలు గాల్లోనే ఆగిపోయింది.

“వస్తాను సారూ,” అంది ఇసకత్త. “మీ గోడ రాలిందంతా ఊడవడానికి రేపొస్తా. ఇవాళ ఇక్కడ పనుంది.”

ఆయన వెళ్ళిపోయాడు. ముందు బూట్లు, వెనక మనిషి. ఆ కాగితం మీద రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది, కూర్చోనీ. నెట్టు స్తంభం మాత్రం కటకటమనడం లేదు.

నిచ్చెన ఆమె వీపు మీద ఇసక దులుపుతూ, “అత్తా, నిజం చెప్పు. నొప్పెట్టిందా?” అంది.

ఇసకత్త తుంటి మీద చెయ్యేసి నొక్కి చూసుకుంది. మూల వైపు చూసింది. ఇసక మీద ఆమె పడిన అచ్చు చెరిగిపోయి, అక్కడంతా మళ్ళీ నున్నగా ఉంది.

“ఇందాక కోపంతో పడ్డానే, ఏం తెలియలేదు,” అంది కుచ్చెళ్ళు మళ్ళీ బొడ్లో దోపుకుంటూ. “పక్కకి జరగండి. ఇంకోసారి పడతా.”